మందకు వైద్యం

1991 వేసవి. పల్నాడులో ఒక పల్లె పశువైద్యశాలలో పనిచేస్తున్నాను. ఉద్యోగంలో చేరి అప్పటికి మూడో ఏడు. ఒక పొద్దున ఒక కాపరి పెద్దాయన గొర్రెను మెడ మీద వేసుకుని, నాలుగు కాళ్లూ గుండెల దగ్గర పట్టుకుని ఆరేడు కిలోమీటర్లు నడిచి వచ్చాడు. కింద దించగానే అది నిలబడలేక పక్కకు ఒరిగింది. ముక్కుల్లో చీమిడి గడ్డకట్టి ఊపిరి గురగురలాడుతోంది. కళ్లకు పుసులు. తోక కింద బొచ్చంతా పారుడుతో తడిసి ముద్దయింది. నోరు తెరిచి చూస్తే చిగుళ్ల మీద తవుడు చల్లినట్టు పొర. జ్వరం 105 డిగ్రీలు దాటింది. సూది వేశాను, మూడు రోజులకు మందు ఇచ్చాను. రిజిస్టరు తీసి రాసుకున్నాను: గొర్రె, ఆడ, ఒకటి.

పెద్దాయన కదల్లేదు. "డాక్టరు గారూ, మరి మంద సంగతేంటండీ?" అన్నాడు.

"వేరే వాటికి కూడా వస్తే తోలుకురా, చూద్దాం" అన్నాను.

ఆయన ఇంకేమీ అనలేదు. గొర్రెను మళ్లీ మెడ మీద వేసుకుని ఎండలోకి వెళ్లిపోయాడు.

పన్నెండో రోజున నేనే ఆయన్ని వెతుక్కుంటూ పొలం దగ్గరికి వెళ్లాను. రెండు వందల ముప్పై జీవాల్లో డెబ్బైకి పైగా పోయాయి. మిగిలినవాటిలో సగం తలలు వేలాడేసి నిలబడ్డాయి. ఆయన నన్ను నిందించలేదు. చెట్టు కింద గొంగడి పరిచి కూర్చోమన్నాడు. నేను తెచ్చిన మందుల పెట్టె పక్కన పెట్టి, ఆ రోజు సాయంత్రం దాకా మందలోనే తిరిగాను. తిరుపతిలో ఐదేళ్లు చదివి పట్టా పుచ్చుకున్నవాణ్ణి. మంద అనే మాటకు అర్థం ఆ రోజునుంచే తెలుసుకోవడం మొదలుపెట్టాను.

ఆ జబ్బు పేరు పీపీఆర్. మన దేశంలో దాన్ని మొదటిసారి గుర్తించింది 1987లో, తమిళనాడులో. మా ప్రాంతానికి అప్పటికది కొత్త. కాపరులు పారుడు రోగమన్నారు, ఇప్పటికీ ఆ పేరే నిలిచింది. వైరస్ జబ్బు కాబట్టి సూటిగా మందు లేదు. గొర్రెలకు దీని టీకా కూడా అప్పటికి మన చేతిలో లేదు. కానీ చేయగలిగింది చాలా ఉంది. జబ్బు జీవాల్ని ఆ రోజే విడిగా కట్టించాల్సింది. చెరువు దగ్గర పక్క మందలతో కలవకుండా ఆపాల్సింది. జ్వరం తగిలిన వాటికి న్యుమోనియా ముదరకముందే సూదులు వేయాల్సింది, పారుడుతో ఎండిపోయే పిల్లలకు ఉప్పు, పంచదార కలిపిన నీళ్లు పట్టించాల్సింది. పెద్దాయన అడిగిన ప్రశ్నకు ఆ పూటే లేచి ఆయన వెంట వెళ్లి ఉంటే ఆ డెబ్బైలో చాలా బతికేవి. ఇది నా తప్పు. ముప్పై ఏళ్ల ఉద్యోగంలో నన్ను సరిదిద్దిన తప్పు.

ఆ తర్వాత ఆయన మంద ఎక్కడ దిగినా వెళ్లేవాణ్ణి. రాత్రి పూట అక్కడే ఉండిపోయిన రోజులూ ఉన్నాయి. ఆయన నోట మంద అనే మాట ఎన్ని రకాలుగా వస్తుందో విని ఆశ్చర్యపోయేవాణ్ణి. "మంద కొండెక్కింది" అంటే జీవాలు. "నేను మందలోనే పడుకుంటా" అంటే చోటు. "రేపట్నించి కింది చేలో మంద" అంటే పని, ఒప్పందం. "ఆ చేలో మంద పడి రెండేళ్లయింది" అంటే ఎరువు. "మాది అన్నదమ్ముల మంద" అంటే ఆస్తి, పొత్తు. "మంద కుదురుగా లేదు" అంటే ఆరోగ్యం. ఈ చివరి మాట నాకు అన్నిటికంటే ఎక్కువ పనికొచ్చింది. ఒక్క గొర్రెకూ జ్వరం కనిపించకముందే మంద కుదురు తప్పుతుంది. నెమరు వేయాల్సిన వేళ లేచి నిలబడతాయి, మేతలో తల ఎత్తి ఎత్తి చూస్తాయి, వెనకబడేవి ఎక్కువవుతాయి. థర్మామీటరు చెప్పేదానికంటే ఒక రోజు ముందే అది కాపరికి తెలుస్తుంది.

మంద కట్టడం చూడనివాళ్ల కోసం ఇక్కడ కాస్త ఆగి చెబుతాను. కోతలయ్యాక రైతు కాపరితో మాట్లాడుకుంటాడు: ఇన్ని రాత్రులు నా చేలో మంద కట్టు, రాత్రికింత ఇస్తాను అని. పూర్వం ధాన్యం కొలిచేవారు, ఇప్పుడు డబ్బే. పొద్దు వాలేసరికి కాపరి చేలో తడికలు నాటి, మూల మూలకీ తాళ్లు బిగించి దొడ్డి కడతాడు. మేత నుంచి వచ్చిన జీవాలు లోపలికి చేరతాయి. మొదట తల్లులు పిల్లల్ని వెతుక్కుంటాయి. ఒకటే అరుపులు. పావుగంటలో ఏ పిల్లకా పిల్ల తన తల్లి దగ్గరికి చేరిపోతుంది. ఆ తర్వాత ఒకటి కూలబడుతుంది, దాన్ని ఆనుకుని ఇంకొకటి. చూస్తుండగానే రెండు వందల వీపులు ఒక్క దుప్పటి పరిచినట్టు అవుతాయి. ఇక నెమరు చప్పుడు తప్ప ఇంకేమీ వినపడదు. తెల్లారేసరికి ఆ చేని చెక్కలో పెంటికలు పరుచుకుని ఉంటాయి, నేల మూత్రంతో తడిసి ఉంటుంది. మర్నాడు దొడ్డి పక్క చెక్కకు జరుగుతుంది. అలా చేను మొత్తం మంద నడిచి పోతుంది.

రైతు మందనే ఎందుకు అడుగుతాడంటే, పెంట దిబ్బ నుంచి తోలిన ఎరువులో మూత్రం ఉండదు. నత్రజనిలో పెద్ద వాటా మూత్రంలోనే ఉంది. మంద కడితే అది నేరుగా నేలలో ఇంకుతుంది, బండి కూలీ లేదు, చల్లే కూలీ లేదు. దున్నేటప్పుడు మట్టిలో కలిసిపోతుంది. మంద పడిన చేనుకీ పడని చేనుకీ పైరు రంగులోనే తేడా తెలుస్తుంది. ఆ చేలో నిలబడి చూస్తే మంద అనే ఒక్క మాటలో జంతువు, మనిషి, నేల, రాత్రి ఎందుకు కలిసిపోయాయో అర్థమవుతుంది.

లెక్క కూడా ఆయన దగ్గరే నేర్చుకున్నాను. పొద్దున్నే ఒక తడికను రెండు జీవాలు పట్టేంత తెరిచి, పక్కన నిలబడి జతలు జతలుగా బయటికి వదిలేవాడు. పెదవులు కదిలేవి, మాట వినపడేది కాదు. ఎన్నున్నాయని అడిగితే "ఉన్నాయిలే సారూ" అనేవాడు. లెక్క పైకి చెబితే దిష్టి అని ఆయన నమ్మకం. టీకా రికార్డుకు అంకె కావాలి కాబట్టి నేనే పక్కన నిలబడి లెక్కపెట్టుకునేవాణ్ణి. ఒకరోజు లెక్క ముగించి సరిపోయిందన్నాను. ఆయన ఒప్పుకోలేదు. "చెవి తెగిందాని పిల్ల అరుస్తోంది, తల్లి లేదు" అన్నాడు. తీరా చూస్తే పక్క మంద గొర్రె ఒకటి మాలో కలిసింది, మాది వాళ్లలోకి పోయింది. అంకె సరిపోయింది కానీ మంద సరిపోలేదు. ఆ తేడా పట్టుకోవడమే కాపరి చదువు.

తెలుగులో గుంపుకి చాలా మాటలున్నాయి. ప్రతి మాటకూ తన చోటు ఉంది. ఆకాశంలో వరసగా పోయేవి కొంగల బారు. నేల మీద చీమలదీ బారే. పంట మీద పడేది మిడతల దండు. చెట్టుకు వేలాడేది తేనెపట్టు. కోతులకు మూక, తోడేళ్లకు గుంపు. పత్రికలు ఏనుగుల మంద అని రాస్తాయి గానీ, పలమనేరు, కుప్పం వైపు రాత్రిళ్లు చేలో మంచె మీద కాపలా కాసే రైతులు ఏనుగుల గుంపు వచ్చిందనే అనడం నేను విన్నాను. మంద అన్న చోట కాపరి ఉంటాడని నా చెవి చెబుతుంది. గొర్రెలు, మేకలు, ఆవులు, బర్రెలు, కోతలయ్యాక డెల్టా మడుల్లో తిప్పే బాతులు, వీటన్నిటి వెనకా ఒక కర్ర పట్టుకున్న మనిషి ఉన్నాడు.

ఈ మాట మన ఒక్కరిదే కూడా కాదు. తమిళంలో మందై అంటే గుంపు, ఊరి పశువులు పోగయ్యే బయలు కూడా. చెన్నైలో ఉన్న తెలుగువాళ్లు రోజూ దాటిపోయే మందవెళి ఆ బయలే. కన్నడంలో మందె ఉంది. నీలగిరి కొండల మీద బర్రెలే జీవితమైన తోడా జనం తమ పల్లెను పిలిచే మాట కూడా ఈ కుదురుదే. ఊటీకి ఇంగ్లీషువాళ్లు పెట్టుకున్న ఊటకమండ్ అనే పేరు చివర ఉన్నది అదే. అంటే పశువుల గుంపు, అది నిలిచే చోటు, దాని చుట్టూ లేచిన ఊరు, అన్నీ ఒకే మాట. సంస్కృతం నుంచి వచ్చిన మంద వేరు, దాని అర్థం నెమ్మది. మందగమనం, మందబుద్ధి దాని పిల్లలు. రెండూ రాతలో ఒక్కలాగే ఉండటం వల్ల పశువుల మంద మీద మొద్దుతనం అనే నింద కూడా పడిందేమోనని నాకు అనిపిస్తుంది. మందలో తిరిగినవాడెవడూ గొర్రెను మొద్దు అనడు. మనిషి ముఖాన్ని గుర్తుపట్టే జీవం అది. నా సూది సంచి చూసి ఎంత దూరం జరిగేవో నాకు తెలుసు.

మంద ఉన్న చోట మేత ఉండాలి. మేత ఉన్న చోట తగవు ఉంటుంది. కాటమరాజు కథ మొత్తం ఆ తగవే. కరువొచ్చి ఆలమందలతో నెల్లూరు సీమకు దిగిన కాటమరాజుకీ, నల్లసిద్ధి రాజుకీ మేత పన్ను పుల్లరి దగ్గర చెడింది, యుద్ధందాకా పోయింది. ఆ కథను తరతరాలుగా చెప్పుకొచ్చిన కళాకారులకు మందహెచ్చులవారనే పేరు. వాళ్ల పేరులోనే మంద ఉంది. పల్నాడులో ఈ పుల్లరి కథలో మాట కాదు. అడవిలో పశువుల్ని మేపుకున్నందుకు తెల్లదొరలు వేసిన పన్ను కట్టబోమని మించాలపాడు కన్నెగంటి హనుమంతు ఎదురు తిరిగి, 1922లో వాళ్ల తుపాకులకు బలయ్యాడు. మా పెద్దాయన చదువుకోలేదు. ఆ పేరు మాత్రం సొంత తాత పేరు చెప్పినట్టు చెప్పేవాడు. వానాకాలం నల్లమల వైపు, కోతలయ్యాక కృష్ణా డెల్టా వైపు నడిచే మందకు దారి, మేత, నీళ్లు ఈ మూడే రాజకీయం.

పీపీఆర్ టీకా మా చేతికి 2000 తర్వాత వచ్చింది. ముక్తేశ్వర్‌లోని భారత పశువైద్య పరిశోధన సంస్థ తయారు చేసిన టీకా అది. చర్మం కింద ఒక మిల్లీలీటరు వేస్తే కనీసం మూడేళ్లు కాపు కాస్తుంది. ఐసులో పెట్టి తేవాలి, ఒకసారి కలిపాక ఎండలో పెట్టకుండా గంటా రెండు గంటల్లో అయిపోగొట్టాలి. అందుకే మంద మేతకు లేవకముందే వెళ్లాలి. తెల్లవారుజామున మూడున్నరకు బండి తీసి, నాలుగున్నరకల్లా దొడ్డి దగ్గర ఉండేవాళ్లం. ఇద్దరు పట్టేవాళ్లు, ఒకరు రంగు గుర్తు వేసేవాళ్లు, నేను సూది. పొద్దెక్కేలోపు మూడు వందలు.

మొదటి ఏడాది చాలామంది కాపరులు వెనకాడారు. చూడి గొర్రెలు ఈసుకుపోతాయని కొందరి భయం, పెంచే పిల్లలకు వేస్తే చాలుగా అని కొందరి వాదన. మా పెద్దాయన తన మందకు వేయించి ఊరుకోలేదు. తనే పక్క మందల దగ్గరికి వెళ్లాడు. "మా ఒక్క మందకు వేయిస్తే ఏం లాభం, చెరువు ఒకటేగా" అన్నాడు. ఆ ఒక్క మాటతో నా పని పరిధి మారిపోయింది. అప్పటిదాకా మంద అంటే ఒక కాపరిది అనుకున్నాను. జబ్బు దృష్టిలో ఒకే చెరువు నీళ్లు తాగేవన్నీ ఒకే మంద. ఆ తర్వాత నా టీకాల పట్టీ ఊళ్ల పేరున కాక, చెరువుల పేరున రాసుకున్నాను. పదిలో ఏడెనిమిది జీవాలకు రక్షణ ఉంటే, మూడు నెలలైనా నిండని, టీకా వేయకూడని పిల్లలు కూడా వాటి మధ్య క్షేమంగా ఉంటాయి. జబ్బు ఒకదాన్నుంచి ఇంకోదానికి దూకడానికి దారి దొరక్క అక్కడే ఆరిపోతుంది. ఆ చెరువుల కింద తర్వాత నేను పనిచేసిన ఏళ్లలో పారుడు రోగం మళ్లీ విరుచుకుపడలేదు.

2020లో కరోనా వచ్చినప్పుడు హెర్డ్ ఇమ్యూనిటీ అనే మాట ప్రతి ఇంట్లోకీ వచ్చింది. పత్రికలు దాన్ని సామూహిక రోగనిరోధక శక్తి అని రాశాయి. హెర్డ్ అంటే మంద. మనుషుల్ని మంద అనడమేమిటని మా చుట్టాల్లోనే ఒకరు నొచ్చుకున్నారు. ఆ మాట పశువైద్యుల దగ్గర పెరిగిందే. ఆవులు ఈసుకుపోయే అంటురోగం మీద పనిచేసిన జార్జ్ పాటర్ అనే పశువైద్యుడు 1918లో అమెరికా పశువైద్యుల పత్రికలో దాని గురించి రాశాడు. రోగాన్ని తట్టుకున్న ఆవుల్ని అమ్ముకోకుండా ఉంచుకోవాలి, వాటి దూడల్నే పెంచుకోవాలి, బయటి పశువుల్ని తెచ్చి కలపకూడదు, ఇదీ ఆయన సలహా సారాంశం. 1923లో టాప్లీ, విల్సన్ అనే ఇద్దరు బ్రిటిష్ శాస్త్రవేత్తలు ఎలుకల మీద ప్రయోగాలు చేసి ఆ ఆలోచనను వైద్యశాస్త్రంలోకి తెచ్చారు. పాటర్ చెప్పినదాన్ని మా కాపరులు ఎవరూ చదవకుండానే పాటిస్తారు. సంతలో కొన్న గొర్రెను ఆ రోజే మందలో కలపరు, కొన్నాళ్లు విడిగా కట్టి చూస్తారు. పశువుల పెద్ద రోగం ముసరను ఈ దేశం ఇలాగే గెలిచింది. ఒక్కొక్క పశువును కాక, మందల్నీ ఊళ్లనీ మొత్తంగా చూసి టీకాలు వేశాం. 2006లో భారతదేశానికి ముసర లేదన్న గుర్తింపు వచ్చింది, 2011లో ప్రపంచం నుంచే అది పోయిందని ప్రకటించారు.

2017లో తెలంగాణ ప్రభుత్వం గొర్రెల పంపిణీ మొదలుపెట్టింది. ఇరవై గొర్రెలు, ఒక పొట్టేలు కలిపి ఒక యూనిట్, ఖరీదు లక్షా పాతిక వేలు, అందులో ముప్పావు వంతు సబ్సిడీ. కొనుగోళ్లకు పొరుగు రాష్ట్రాల సంతలకు వచ్చారు, మా వైపూ వచ్చారు. లారీ ఎక్కించే ముందు వాటిని చూసే అవకాశం నాకు కలిగింది. నాలుగు చోట్ల నుంచి వచ్చిన ఇరవై ఒక్క జీవాలు ఒకే కంచెలో ఉన్నా నాలుగు ముద్దలుగా, నాలుగు దిక్కులకు ముఖం పెట్టి నిలబడ్డాయి. అవి ఒకదాన్నొకటి ఆనుకుని పడుకోవడానికి రోజులు, ఒక్కోసారి వారాలు పడుతుంది. యూనిట్ కాగితం మీద ఒక్క పూటలో తయారవుతుంది. మంద తయారవడానికి కాపరి కావాలి, కాలం కావాలి. అలా ఓపిగ్గా మంద చేసుకున్న కుటుంబాలు ఆ పథకంతో నిజంగా బాగుపడ్డాయి. 2019 పశుగణనలో గొర్రెల సంఖ్యలో తెలంగాణ దేశంలోనే మొదటి స్థానంలో నిలిచింది, కోటీ తొంభై ఒక్క లక్షలతో. రెండో స్థానం ఆంధ్రప్రదేశ్‌ది, కోటీ డెబ్బై ఆరు లక్షలు. ఇంత పెద్ద సంపద ఉన్న భాష మనది.

అయినా ఆ భాషలో మంద ఇప్పుడు ఎక్కువగా తిట్టుగానే వినపడుతోంది. సభలో సంఖ్య ఎక్కువున్నవాళ్ల బలాన్ని మందబలం అంటారు. ఆలోచించకుండా అనుసరిస్తే గొర్రెల మంద అంటారు, గొర్రెదాటు అంటారు. గొర్రె ముందుదాని వెనకే ఎందుకు దూకుతుందో నేను కాలువ గట్టు మీద నిలబడి చూశాను. విడిపోయిన దాన్ని తోడేలు పట్టుకుంటుంది. ముందున్నదాన్ని నమ్మి వెంట దూకితే పది తరాలుగా బతికింది. అది బుద్ధి లేకపోవడం కాదు, కలిసి బతకడం నేర్చిన బుద్ధి.

మా పెద్దాయన ఇప్పుడు లేడు. ఆయన మనవడు కొంత మంద అమ్మి, మిగిలింది అలాగే మేపుతున్నాడు. తెలుపు మీద గోధుమ మచ్చల మాచర్ల గొర్రెలు, నూట నలభై దాకా ఉంటాయి. వాటిలో పాత మంద సంతతి ఉందని అతను చూపించి చెబుతాడు. బోర్లు వేసి రెండో పంట పండిస్తున్న చోట కోతలయ్యాక దిగడానికి చేలు దొరకడం లేదు, మంద కట్టించుకునే రైతులు తగ్గారు. రాత్రికింతని మాట్లాడుకునే ఒప్పందం పోతే, ఆ అర్థం కూడా మాటలోంచి పోతుంది. పత్రికల్లో రాసేవాళ్లకు, వేదికల మీద మాట్లాడేవాళ్లకు నాదొక మనవి. మంద అనే మాటను తిట్టుకు వాడకండి, దానికి మనం రుణపడి ఉన్నాం. రైతులకు ఒక మాట. మీ ఊరికి మంద వస్తే ఒక్క చెక్కలోనైనా కట్టించి చూడండి.

కొత్తగా ఉద్యోగంలో చేరే పశువైద్యులకు చివరి మాట. మెడ మీద గొర్రెను మోసుకుని ఒక మనిషి మీ గుమ్మంలోకి వస్తే, రిజిస్టరులో ఒకటి అని రాసే ముందు మంద ఎక్కడుందో అడగండి. బండి తీసి ఆయన వెంటే వెళ్లండి.